చప్పుడు లేని ఆటకు పదికి మూడు

పత్రిక ఆఫీసు, మెట్ల పక్క బల్ల
ఫిబ్రవరి 6

మావయ్యా,

ఫోనులో నేనేం చెప్పినా నువ్వు “ఆఁ, మంచిదే మంచిదే” అంటున్నావు. పోయిన వారం నాకు జ్వరమొచ్చిందన్నా మంచిదే అన్నావు. ఇలా లాభం లేదని కాగితం తీశాను. చెవికి పెట్టుకునే మిషను పెట్టుకుంటున్నావా, సొరుగులో నిద్రపుచ్చావా? నిజం చెప్పు.

ఈ ఉత్తరం వెనకాలే ఒక అట్టపెట్టె వస్తుంది. అందులో ఉన్నది గేమ్ బాక్సు. ఆఫీసులో కొత్తది కొని, పాతది నాకిచ్చేశారు. టీవీకి ఎలా తగిలించాలో బొమ్మ గీసి పెట్టాను. ముప్పై నాలుగేళ్లు బాయిలర్లు విప్పి బిగించిన ఫిట్టరుకి నేను బొమ్మ గీసివ్వడం కాస్త అతే, ఏమనుకోకు. నాలుగు ఆటలు కూడా పెట్టాను. ఈమధ్య రోజంతా కిటికీ దగ్గరి కుర్చీ వదలడం లేదని అత్తయ్య రాసింది. ఎటూ కూర్చునే ఉంటున్నావు కాబట్టి ఆడు. ఆడి ఊరుకోకు, ఒక్కొక్కటీ ఎలా ఉందో రాయి. మా పుట చదివేవాళ్లంతా ఇరవై ఏళ్ల లోపువాళ్లేనని సంపాదకుడి దిగులు. అరవై మూడేళ్ల మనిషి ఏమంటాడో చూడాలని నా సరదా.

నా సంగతి అడుగుతావేమో, చెప్పేస్తాను. వారం వారం వచ్చే ‘ఆటల పుట’ ఇప్పుడు పూర్తిగా నా చేతికొచ్చింది. వారానికి మూడు ఆటలు, ఒక్కోసారి నాలుగు. నా కలానికి పదునెక్కువని పేరు కూడా వచ్చింది. పోయిన వారం ‘ఇంటింటికీ’ అనే చిన్న ఆట మీద రాసింది చూడు, ఆఫీసంతా పగలబడి నవ్వారు:

‘నీళ్ల మీటర్లు చూసే ఒకామె వీధులు తిరుగుతుంది. పాట లేదు, మాట లేదు, ఆఖరికి అడుగుల చప్పుడైనా లేదు. కుక్క కరిచాకగానీ కుక్క ఉందని తెలియదు. బండి గుద్దాకగానీ బండి వచ్చిందని తెలియదు. ఇంత బద్ధకం ఎక్కడా చూడలేదు. చెవులున్నవాళ్ల కోసం చెవులు లేనివాళ్లు చేసిన ఆట. పదికి మూడు.’

ఎలా ఉంది? అత్తయ్యకి చదివి వినిపించు. ఆవిడ మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ
పిచ్చుక


కిటికీ దగ్గరి కుర్చీ
ఫిబ్రవరి 19

పిచ్చుకా,

పెట్టె క్షేమంగా చేరింది. నీ బొమ్మలో ఎర్ర తీగ ఎడమ పక్క గీశావు. అది కుడి పక్క. బాయిలరయితే ఈపాటికి నువ్వూ నేనూ కప్పు మీద ఉండేవాళ్లం.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ముందు ‘ఉక్కు సరిహద్దు’. పొగ బాగా చేశారు, బూట్లు బాగా చేశారు. ఇనుము తుప్పు మాత్రం తప్పు. ఆవిరి తగిలిన ఇనుము అలా క్యారెట్టంత ఎర్రగా ఉండదు, నల్లటి పొరలు లేస్తుంది. పోనీలే. ఇప్పటికి నూటపద్నాలుగు సార్లు చచ్చాను. అందులో తొంభై సార్లు వెనకనుంచే పొడిచారు. మనుషులు మాట్లాడితే కింద అక్షరాలు పడతాయి గానీ, వెనక అడుగుల చప్పుడుకి ఒక్క అక్షరమైనా పడదు. ఇంత సైన్యం పెట్టుకుని ఒక్కడైనా “వెనక చూడు నాయనా” అని రాసి చూపించలేడా? ఈ మాట మీ అత్తయ్యతో అంటే, ‘ఆడలేక మద్దెల ఓడు’ అని చీటీ రాసి నా ఒళ్లో పడేసి పోయింది. నాలుగు మార్కులు.

‘పచ్చ చేను’లో విత్తిన మూడో రోజుకే కోత. కలుపు లేదు, పురుగు లేదు, పక్క పొలం వాడితో గట్టు తగాదా లేదు. గట్టు తగాదా లేని పొలం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కానీ వాన రాబోయే ముందు ఆకులు తిరగబడి వెనక పక్క తెల్లగా కనిపిస్తాయి చూడు, అది చేసినవాడు ఎప్పుడో చెట్టు కింద కూర్చుని చూసే చేశాడు. ఆ ఒక్కదానికీ ఆరు.

‘నాలుగో గేరు’ కారు పందెం. ఇంజను మొత్తుకోలు విని గేరు మార్చమంటుంది. నేను మీటరు ముల్లు చూసి మారుస్తున్నాను. ముల్లు చూస్తే మలుపు కనపడదు, మలుపు చూస్తే ముల్లు కనపడదు. గోడలన్నీ నాకు బాగా పరిచయమయ్యాయి. అయిదు.

‘సర్దుబాటు’ అని అలమరలో డబ్బాలు సర్దే ఆట ఉంది కదా, దాని గురించి నేను రాయలేను. మీ అత్తయ్య నా చేతికి ఇస్తేగా! టైపు కొట్టిన వేళ్లు కదా, నలభై లెవెళ్లు దాటిపోయింది. మోకాలి నొప్పి మరిచిపోయింది. మా వంటింటి అలమర మాత్రం ఎప్పటిలాగే ఉంది.

నువ్వు పదికి మూడు వేసిన ఆ ఆట కూడా పంపు. పదిమంది తిట్టిన వంటయినా ఒక ముద్ద నోట్లో పెట్టుకోకుండా నేను మాట అనను.

మిషను బాగానే పనిచేస్తోంది. బయటికి వెళ్లే తీరిక ఎక్కడిది, ఇక్కడ యుద్ధాలు జరుగుతుంటే?

మీ
మావయ్య


పత్రిక ఆఫీసు
మార్చి 2

మావయ్యా,

నీ మార్కులు చూసి సంపాదకుడు నీకో పుట ఇచ్చేసేలా ఉన్నాడు. నా ఉద్యోగానికి ఎసరు పెట్టకు.

కానీ ‘ఉక్కు సరిహద్దు’ విషయంలో నేను ఒప్పుకోను. ఆ ఆట గొప్పతనమంతా చప్పుడులోనే ఉంది. హెడ్‌ఫోను పెట్టుకుంటే వెనక ఎన్ని అడుగుల దూరంలో, ఏ పక్కనుంచి వస్తున్నాడో తెలిసిపోతుంది. మిషను తీసేసి హెడ్‌ఫోను పెట్టుకుని చూడు. నాలుగు తొమ్మిదవుతుంది.

‘ఇంటింటికీ’ పంపుతున్నాను. నీ టైము పాడవుతుంది, తరవాత నన్ననకు. ఒక అన్న, ఒక చెల్లెలు కలిసి చేశారట. నా సమీక్ష వచ్చిన రెండు వారాలకి వాళ్ల వెబ్‌సైటు తీసేశారు. ‘కొంతకాలం సెలవు’ అని ఒక్క ముక్క మిగిలింది. మా పాఠకులు “మంచి పని చేశారు, ఇంకో చెత్త తగ్గింది” అని రాస్తున్నారు. నాకు మాత్రం వెబ్‌సైటు తీసేసేంత ఏమన్నానా అనిపించింది. అయినా బాగాలేనిదాన్ని బాగాలేదనడమేగా నా పని? నువ్వే అనేవాడివి, వదులు నట్టుని వదులనే చెప్పాలని.

ఈ వారం నాలుగు ఆటలున్నాయి. పరుగు.

నీ
పిచ్చుక


కిటికీ దగ్గరి కుర్చీ
మార్చి 17

పిచ్చుకా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చింపాను. మీ అత్తయ్య “రాస్తే రాయండి, కాగితాలు తగలెయ్యకండి” అని పలక మీద రాసి చూపించింది. రాస్తున్నాను.

నువ్వు పంపిన ఆట తొమ్మిది రోజులు ఆడాను. మొదటి రోజు కుక్క ఏడుసార్లు కరిచింది. నువ్వు రాసింది నిజమే అనుకున్నాను. రెండో రోజు కరవబోయే ముందు ఒక సంగతి కంటపడింది. గోడ మీది పావురాలు ఒక్కసారిగా లేచాయి. ఆ వెంటనే మలుపులోంచి కుక్క వచ్చింది. మళ్లీ ఆడాను. మళ్లీ పావురాలు, మళ్లీ కుక్క. ఈసారి పక్క గేటులోకి తప్పుకున్నాను. కుక్క నా దారిన కాకుండా దాని దారిన పోయింది.

ఆ తరవాత ఆ ఊళ్లో అన్నీ కనపడటం మొదలయ్యాయి. లారీ వచ్చేముందు రోడ్డు పక్క గుంటలో నీళ్లు వణుకుతాయి. తలుపు తెరుచుకునేముందు దాని కింద వెలుగు గీత చెదురుతుంది. నాలుగో వీధిలో ఒకామె బట్టలారేస్తూ నాకేసి చూసింది. కాదు, నాకేసి కాదు, నా భుజం మీదుగా చూసింది. నేను పక్కకి జరిగాను. వెనకనుంచి సైకిలు నన్ను రాసుకుంటూ పోయింది. పిచ్చుకా, నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

నువ్వు పంపిన మిగతా ఆటలన్నీ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఈ ఆట శంఖం పక్కన పెట్టి, నా గడ్డం పట్టుకుని తిప్పి, “అటు చూడు” అంది.

ఇక దాచి లాభం లేదు. మిషను సొరుగులోనే ఉంది. పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే. కిందటి వానాకాలం నుంచీ నాకు అసలేమీ వినపడటం లేదు. బాయిలరు లోపల సుత్తితో కొట్టీ కొట్టీ చెవులు అక్కడే వదిలేసి వచ్చానని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఫోనులో మీ అత్తయ్య నా మోచెయ్యి గిల్లినప్పుడల్లా “మంచిదే” అనేవాణ్ణి.

అక్టోబరులో కూడలి దగ్గర రోడ్డు దాటుతుంటే ఒక లారీ వెనక్కొచ్చింది. హారను కొట్టే ఉంటాడు. జనం అరిచే ఉంటారు. నాకేం తెలుస్తుంది? పండ్ల బండి అతను పరుగెత్తుకొచ్చి నా కాలరు పట్టుకుని లాగాడు. లారీ వెనక చక్రం నా చెప్పు మీదుగా వెళ్లింది. కాలు చెప్పులో లేదు కాబట్టి ఉంది. లేచి చూస్తే చుట్టూ నోళ్లు కదులుతున్నాయి, ఒక్క మాటా లేదు. ఆ రోజు ఇంటికొచ్చినవాణ్ణి మళ్లీ గుమ్మం దిగలేదు. అయిదు నెలలైంది. మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు బెంగపెట్టుకుంటావని చెప్పొద్దన్నాను.

ఆటలో లోపాలు లేవని కాదు. కొండ మీది మెట్ల దగ్గర ఆ మీటరామె కాలు ఇరుక్కుంటుంది, ఎంత తిప్పినా రాదు, మళ్లీ మొదటినుంచి ఆడాలి. అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. భూతద్దం పెట్టుకుని చదివాను. నీళ్ల మీటరు ముల్లు తిరిగే దిక్కు కూడా రెండు ఇళ్లలో తప్పు. అయినా ఎనిమిది వేస్తాను.

ఇప్పుడు నిన్నొకటి అడగాలి. ఏడాదికోసారి బాయిలరు చల్లార్చి చూసేటప్పుడు ఇద్దరు తనిఖీ ఆఫీసర్లు వచ్చేవారు. ఒకాయన బయటే నిలబడి, మూత కన్నంలోంచి టార్చి వేసి సంతకం పెట్టేవాడు. ఇంకొకాయన చొక్కా విప్పి లోపలికి దూరి, మసిలో పాకి, చివరి గొట్టం దాకా తట్టి చూశాకే పెన్ను అడిగేవాడు. ఆయన తప్పు పట్టినా మాకు కోపం వచ్చేది కాదు. నువ్వు ఈ ఆట చివరిదాకా ఆడావా?

మీ
మావయ్య


ఆఫీసు మెట్లు
మార్చి 25

మావయ్యా,

గంటా నలభై నిమిషాలు. అంతే ఆడాను. అది తొమ్మిది గంటల ఆట.

ఆ వారం నాలుగు ఆటలున్నాయి, పుట సాయంత్రానికి వెళ్లాలి, కుక్క మూడుసార్లు కరిచింది, నాకు విసుగొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నవాడైనా నయం, కనీసం ఆడి చూశాడు. ఆ ‘చెవులు లేనివాళ్లు’ అన్న వాక్యం రాసి నవ్వుకుని, పొగడమని నీకే పంపాను. అది రాసేటప్పుడుగానీ, నీకోసం మళ్లీ కాగితం మీద ఎక్కించేటప్పుడుగానీ, నువ్వు గుర్తుకు రాలేదు. నువ్వు ఆ మాట పట్టుకుని ఒక్క ముక్క కూడా అనలేదు. అంటే బాగుండేది.

లారీ సంగతి మెట్ల మీద కూర్చుని చదివాను. ఇన్ని నెలలు నువ్వు “మంచిదే” అంటుంటే నేను నవ్వాను.

తరవాత మూడు రోజులు సెలవు పెట్టి ఆట మొత్తం ఆడాను. నువ్వు చెప్పిందంతా అక్కడే ఉంది, నా కళ్ల ముందే. సంపాదకుడి దగ్గరికి వెళ్లి, తప్పు రాశాను, దిద్దుకుంటూ మళ్లీ రాస్తానన్నాను.

“పాత పుట ఎవరికి గుర్తుంటుందమ్మా? ఇవాళ దిద్దుకుంటే రేపు ప్రతివాడూ దిద్దమని వస్తాడు.”

“తప్పు రాశాను సార్.”

“తప్పు కాదు, అభిప్రాయం. అభిప్రాయానికి దిద్దుబాటేమిటి?”

“సగం కూడా ఆడకుండా రాస్తే అది అభిప్రాయం కూడా కాదు సార్.”

ఆయన ఫోను మోగింది, మాట అక్కడితో ఆగింది.

కనీసం వాళ్లకి నా నోటితో చెప్పాలనిపించి, ఆట డబ్బా మీదున్న చిరునామాకి వెళ్లాను. కింద ఆ అన్న నడిపే సైకిలు రిపేరు షాపు, షట్టరు వేసి ఉంది. పైన వాళ్ల గది. అన్నగారు తలుపు తీశాడు. గడ్డం మాసి, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ‘ఆటల పుట’ రాసేదాన్ని నేనేనని చెప్పాను. తలుపు మొహాన వేస్తాడనుకున్నాను. “లోపలికి రండి” అన్నాడు.

ఆట చేసింది నిజానికి చెల్లెలే. ఎనిమిదో ఏట జ్వరంలో ఆ అమ్మాయికి వినికిడి పోయింది. రెండేళ్లు కూర్చుని, తను ఊరిని ఎలా చూస్తుందో అలాగే గీసింది. నా సమీక్ష వచ్చాక అతను, “పోనీ అందరికీ నచ్చేలా చప్పుళ్లు పెడదాం” అన్నాడట. ఇద్దరికీ పెద్ద గొడవైంది. మర్నాడు పొద్దున లేచి చూస్తే చెల్లెలు లేదు. ఫోను బల్ల మీదే ఉంది. పదకొండు రోజులైంది. తెలిసినవాళ్లందరినీ అడిగాడు. పోలీసులకీ చెప్పాడు.

“మీరు రాసినదానికి కాదండీ,” అన్నాడు నాతో. “నేనన్నదానికి.” నన్ను ఓదార్చడానికి అన్నాడు మావయ్యా. అతను నన్ను ఓదార్చాడు.

నాకు భయంగా ఉంది. ఏం చెయ్యాలో తోచడం లేదు.

పిచ్చుక


కిటికీ దగ్గర
మార్చి 28

పిచ్చుకా,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. చెప్పాల్సినది మీ అత్తయ్య చేత ఫోనులో చెప్పిస్తే తికమకవుతుంది, అందుకే జవాబు ఆవిడ చేత ఇప్పుడే స్పీడు పోస్టులో పంపిస్తున్నాను.

ముందు ఏడుపు ఆపు. తప్పు చేశావు, ఒప్పుకున్నావు, అక్కడికి ఆ లెక్క సరి. ఆ పిల్ల ఇల్లు వదలడానికి నీ పుట ఒక్కటే కారణమనుకోవడం కూడా గొప్పలకి పోవడమే. ఇప్పుడు కావలసింది ఆ పిల్ల ఎక్కడుందో. దాని గురించి నాకో సంగతి తోస్తోంది.

ఆట చివర్లో మీటరామె వెళ్లే ఆఖరి ఇల్లు చూశావుగా, పుస్తకాలు బైండు చేసే కొట్టు. ఆకుపచ్చ కిటికీ రెక్కలు, జిగురు గిన్నె, బల్ల మీద బిగింపు చట్రం. మిగతా ఊరంతా గబగబా గీసినట్టుంటుంది, ఈ గది మాత్రం అంగుళం అంగుళం గీసింది. ఆ చట్రానికి రెండు మరలున్నాయి. ఎడమ మర పిడి విరిగితే నీలం గుడ్డ చుట్టి కట్టారు. ఆ మర అంచులే ఎక్కువ అరిగిపోయి ఉన్నాయి, ఎడమ చేతివాటం మనిషి ఏళ్ల తరబడి తిప్పితే అరిగినట్టు. ముప్పై నాలుగేళ్లు మరలు తిప్పినవాడిగా చెబుతున్నాను, అది ఊహించి గీసింది కాదు. ఆ చట్రం ఎక్కడో ఉంది, ఆ పిల్ల దాని పక్కన చాలాకాలం కూర్చుంది. మనసు బాగాలేనప్పుడు మనిషి బాగున్న చోటికే పోతాడు. ఆ కొట్టు ఎవరిదో వాళ్ల అన్నని అడుగు. ఈ ఉత్తరం అందిన రోజే అడుగు.

రెండో సంగతి. మీ సంపాదకుడు నీ దిద్దుబాటు వెయ్యనంటే, నేను ఆట మీద నీకు రాసిన ఉత్తరం పాఠకుడి ఉత్తరంగా ఇవ్వు. లారీ సంగతి కూడా ఉంచు. నలుగురికీ తెలిస్తే తెలిసింది, నాకు సిగ్గు లేదు. సిగ్గు ఉండేది, ఈ ఉత్తరాల్లో పోయింది.

ఇవాళ గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాను. మెట్టు దిగలేదు. అంతవరకే.

మావయ్య

(మీ మావయ్య అన్నం తినకుండా ఆ చట్రం బొమ్మ నాలుగుసార్లు తిప్పి తిప్పి చూశారు. ఆ అమ్మాయి దొరకగానే ముందు మాకు చెప్పు. — అత్తయ్య)


మా గది, బాల్కనీ
ఏప్రిల్ 4

మావయ్యా, అత్తయ్యా,

దొరికింది! క్షేమంగా ఉంది. టెలిగ్రాములు ఉండే రోజులైతే ఈ రెండు ముక్కలే కొట్టి పంపేదాన్ని. ఇప్పుడు నింపాదిగా రాస్తాను.

నీ ఉత్తరం అందిన గంటకి సైకిలు షాపు ముందున్నాను. ఆకుపచ్చ కిటికీ, నీలం గుడ్డ చుట్టిన పిడి అనగానే అన్నగారు నెత్తిన కొట్టుకున్నాడు. “మా చెల్లెలి స్కూల్లో చేతిపనుల టీచరమ్మండీ! ఆవిడది ఎడమ చెయ్యే!” ఆ అమ్మాయి చిన్నప్పుడు వినపడని పిల్లల హాస్టలు స్కూల్లో చదివింది. ఆ టీచరు రిటైరై వేరే ఊళ్లో బైండింగు కొట్టు పెట్టుకుంది. ఇతనికి ఊరి పేరు తెలుసు, ఇల్లు తెలియదు. బస్సెక్కాం. మూడు గంటల ప్రయాణం.

ఆకుపచ్చ రెక్కలు వీధి మొదట్లోనే కనపడ్డాయి. లోపల ఆ అమ్మాయి బల్ల ముందు కూర్చుని, మోచేతుల దాకా జిగురు పూసుకుని, ఒక లావుపాటి పుస్తకానికి వీపు అతికిస్తోంది. మేం గుమ్మంలోకి రాగానే ఎదురుగా ఉన్న టీచరమ్మ చూపు మారింది. అది చూసి ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది.

ఆ అన్న పరుగెత్తుకెళ్లి చెల్లెల్ని పట్టుకుని ఏడుస్తూనే చేతులతో తిట్టడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ ఖాళీగా ఉంటేగానీ తిట్టలేడు, చెల్లెల్ని వదిలితేగానీ చేతులు ఖాళీ కావు. వదలడం, తిట్టడం, మళ్లీ పట్టుకోవడం. ఆ అమ్మాయి తెల్లబోయి చూసి, ఏదో సైగ చేసింది. అతను అలాగే నేల మీద కూలబడ్డాడు. ఏమిటా అంటే, ‘నాలుగు వారాలు టీచరు దగ్గర ఉంటాను, తల పనిచేయడం లేదు, నిద్రపోవాలి, వెతకొద్దు’ అని చీటీ రాసి అతని పనిముట్ల పెట్టెలో పెట్టి వచ్చిందట. రోజూ పొద్దున్నే మొదట తెరిచేది ఆ పెట్టేనని. చెల్లెలు కనపడక ఇతను అన్ని రోజులూ షాపే తెరవలేదు!

నేను గుమ్మంలోనే ఉండిపోయాను. ఆ అమ్మాయి చేతులు తుడుచుకుని, అట్ట కత్తిరింపు ఒకటి తీసి రాసి నాకిచ్చింది.

‘మీరేనా పదికి మూడు?’

‘నేనే. గంటా నలభై నిమిషాలు ఆడి రాశాను. తప్పు చేశాను. క్షమించమని అడగడానికి వచ్చాను.’

చదివి నాకేసి చూసింది. ఆ చూపు కింద నిలబడటం కష్టమైంది మావయ్యా. తరవాత రాసింది: ‘కోపం వచ్చింది. చాలా వచ్చింది. బద్ధకం అన్నందుకు. మూడు వేసినందుకు కాదు.’ దాని కింద ఇంకో వరస: ‘కుక్క మరీ త్వరగా వస్తుందని మా అన్నయ్య మొదటే చెప్పాడు. నేను వినలేదు.’ ఆ ‘వినలేదు’ కింద తనే గీత గీసి నవ్వింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఆట మీద నువ్వు రాసిన ఉత్తరం వెంట తీసుకెళ్లాను. పుటలో వెయ్యమన్నావుగా, ముందు ఆ అమ్మాయికే ఇచ్చాను. ఆ అమ్మాయి కిటికీ దగ్గరికి వెళ్లి రెండుసార్లు చదివింది. బట్టలారేసే ఆవిడ చూపు దగ్గర వేలు పెట్టి అన్నకి చూపించింది. అది ఎవరికైనా తెలుస్తుందా తెలియదా అని ఇద్దరికీ పందెమట. నీ వల్ల చెల్లెలు గెలిచింది. మెట్ల దగ్గర ఇరుక్కునే సంగతి, మీటరు ముల్లు సంగతి చదివి ‘ఈయన నాకు ముందే దొరికి ఉంటే!’ అని రాసింది. ఆటలో చప్పుళ్లు పెట్టరు. కుక్కని కొంచెం నెమ్మది చేస్తారు, అక్షరాలు పెంచుతారు, మెట్లు బాగుచేస్తారు.

నిన్న సంపాదకుడికి నీ ఉత్తరం ఇచ్చాను. నిలబడే చదివాడు. “పాఠకుడి ఉత్తరం వెయ్యక తప్పదు,” అన్నాడు. “కానీ దాని కింద నీ రెండు ముక్కలుండాలి. ఎంతసేపు ఆడావో నిమిషాలతో సహా రాయి. దాచావో, నేనే రాస్తాను.” నేనడిగినదానికంటే అది ఎక్కువే. వారానికి రెండు ఆటలకి మించి ఇవ్వొద్దని కూడా అడిగాను. గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. ఆ రెండు ముక్కల్లోనే మార్కు మార్చి ఎనిమిది వేశాను. తొమ్మిది వేద్దామనుకుంటే ఆ అమ్మాయే, ‘మెట్లు బాగుచేసేదాకా వద్దు’ అని రాసింది.

చాలా రోజుల తరవాత ఇవాళ కడుపునిండా తిన్నాను.

మీ
పిచ్చుక


పోస్టాఫీసు, గోడ వారగా ఉన్న బల్ల
మే 14

పిచ్చుకా,

పై వరస సరిగ్గానే చదివావు. పోస్టాఫీసులోనే ఉన్నాను. నడిచే వచ్చాను.

ముందు పని సంగతి. బాగుచేసిన ‘ఇంటింటికీ’ అందింది. మెట్లు ఎక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. కాలు ఎక్కడా ఇరుక్కోలేదు. మీటరు ముల్లు ఇంకా ఒక ఇంట్లో తప్పు తిరుగుతోంది. తొమ్మిది. ఆ పిల్ల నాకు వేరే ఉత్తరం రాసింది. తరవాతి ఆట బాయిలరు గదిలో జరుగుతుందట, వచ్చి అన్నీ సరిచూడాలట. తుప్పు రంగు దగ్గరనుంచి మొదలుపెడతానని జవాబు రాశాను.

నెల రోజులుగా రోజుకి కొంత చొప్పున దిగుతున్నాను. మొదట మెట్టు, తరవాత గేటు, తరవాత వీధి మలుపు. ఇవాళ పొద్దున కూడలి దాకా వచ్చేశాను. ఆటలో ఉన్నంత సులువుగా ఏమీ లేదు. ఎండాకాలం, గుంటలో నీళ్లే లేవు వణకడానికి. ఇక్కడి పావురాలు లారీ మీదికొచ్చినా లేవవు. కానీ మనుషులు ఆటలోలాగే చూస్తారు. ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లు నన్ను దాటి వెనక్కి పోతే నేను పక్కకి జరిగాను. షాపుల అద్దాల్లో నా వెనక రోడ్డంతా కనపడుతుంది, అరవై మూడేళ్లొచ్చినా ఎప్పుడూ అలా చూసినవాణ్ణి కాను. రోడ్డు దాటేముందు రెండు పక్కలా మూడేసి సార్లు చూశాను. అప్పుడు దాటాను.

పండ్ల బండి అతను నన్ను చూసి తూకంరాయి చేతిలోంచి కింద పెట్టేశాడు. ఏదో గబగబా అన్నాడు. చెవి చూపించి చెయ్యి తిప్పాను. అప్పుడతను కాగితం సంచీ ఒకటి చించి పెన్సిలుతో కష్టపడి రాశాడు: ‘ఆ రోజు కాలర్ చినిగింది. కోపం వచ్చి రావట్లేదు అనుకున్నా.’ ఇన్ని నెలలూ అతనికి అదే బెంగ. నా ప్రాణం నిలబెట్టి, నా చొక్కా గురించి దిగులుపడ్డాడు. అతని రెండు చేతులూ పట్టుకున్నాను. అలా ఎంతసేపు నిలబడ్డామో, బేరానికి వచ్చినవాళ్లు విసుక్కున్నారనుకుంటాను.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. ఒక్కణ్ణే వెళ్లొస్తానని మీ అత్తయ్యకి గట్టిగా చెప్పి బయలుదేరాను. సరేనని తలూపింది. బట్టల షాపు అద్దంలో చూద్దును కదా, ఇరవై అడుగుల వెనక, సంచీ అడ్డం పెట్టుకుని, నేను ఆగితే ఆగుతూ, నడిస్తే నడుస్తూ వస్తోంది. మోకాలి నొప్పితో కుంటుకుంటూనే. నేను చూడనట్టే నడిచాను. ఇప్పుడు ఈ పోస్టాఫీసులోనే స్తంభం వెనక నిలబడి, గోడ మీది నోటీసు ఎంతో శ్రద్ధగా చదువుతోంది. పావుగంటగా అదే నోటీసు.

ఈ కవరు డబ్బాలో వేసి, వెళ్లి భుజం తట్టి ఇద్దరం కలిసి ఇంటికి నడుస్తాం.

మీ
మావయ్య